ఉండాననే జవాబు

జూన్ 9, సోమవారం

ఈ నోటుబుక్కు తెలుగులో రాస్తాను. అమ్మకి చదవడం రాదు. ఇక్కడ కోయంబత్తూరులో, మా ఆఫీసులో ఈ అక్షరాలు ఎవరికీ రావు. కాలేజీ హాస్టల్లో నగరి నుంచి వచ్చిన పిల్ల నాకు అక్షరాలు దిద్దిస్తూ, మాట్లాడేది చాలదా, రాయడం కూడా ఎందుకే నీకు అని నవ్వేది. ఇందుకే.

ఈ రోజు ఆఫీసులో నా పై అధికారి మలర్ అక్క నాకంటూ ఒక పని ఇచ్చింది. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ నడిచే ఆస్పత్రిలో ఇన్నాళ్లూ ఒకటే సర్వర్. ల్యాబ్‌లో రక్తపరీక్ష ముగియగానే ఫలితం దానిలోకి వెళుతుంది, ఏ అంతస్తులో నర్సు అడిగినా అదే తెచ్చి చూపిస్తుంది. అది ఆగితే అందరూ ఆగాలి. ఇప్పుడు రెండు పెడుతున్నారు. రెండింటికీ ముందు లోడ్ బ్యాలెన్సర్ నిలబడుతుంది. నర్సుల కంప్యూటర్లకు ఒకటే వాకిలి తెలుసు. తలుపు తట్టినవాళ్లను బ్యాలెన్సర్ ఒకరిని ఇటు, ఒకరిని అటు పంపుతుంది. ఒక సర్వర్ పడిపోతే, వచ్చినవాళ్లకు తెలియకుండా అందరినీ రెండోదాని దగ్గరికి మళ్లిస్తుంది.

ఆ వాకిట్లో నిలబడే పని నాది.

అది అమ్మ పనిచేసే ఆస్పత్రే. నాలుగో అంతస్తు, తూర్పు వైపు నేలంతా అమ్మదే, పదకొండేళ్లుగా. సాయంత్రం చెప్పాను, నీ ఆస్పత్రి కంప్యూటర్లు నా చేతికొచ్చాయి అని. అమ్మ చీపురు పుల్లలు సరిచేస్తూ, "అట్లయితే నా అంతస్తుది ముందు బాగుచెయ్యి పాపా. ఆ నర్సు పిల్ల దాన్ని తట్టి తట్టి వేళ్లు నొప్పంటాది" అంది.

జూన్ 10

తెల్లవారేముందు గోడ అవతల నుంచి పొన్నత్త పిలుపు. నేను ఎప్పుడూ దీన్ని సగం నిద్రలోనే వింటాను.

"ఏమొదినా, ఉండావా?"

"ఉండా, ఉండా."

ఇంతే. తర్వాత రెండు గొళ్లేలు, రెండు జతల చెప్పులు, వీధి చివరి దాకా. ఆరున్నరకు ఆస్పత్రి వెనకాల సూపర్‌వైజర్ పేర్లు పిలుస్తాడు, అక్కడ కూడా "ఉండా" అనే చెప్పాలి. పొన్నత్తది పడమర వైపు నేల. ఆమె మాకు రక్తసంబంధం కాదు. నడుమ ఉన్న గోడే చుట్టరికం.

మా వీధిలో పొద్దున మొదటి మాటగా "లే", అంటే లేదు, అనే మాట రాకూడదు. డబ్బాలో బియ్యం అయిపోతే అమ్మ "నిండుకునింది" అంటుంది. నాకు ఆరేళ్లప్పుడు వాకిట్లో నిలబడి "బియ్యం లే" అని అరిచినందుకు పొన్నత్త నా చెవి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఖాళీ డబ్బా మీద చెయ్యి పెట్టించి, నిండుకునింది అని మూడుసార్లు చెప్పించింది.

జూన్ 12

అమ్మ ఈ మధ్య పిడికిట్లో పచ్చి బియ్యం పెట్టుకుని నములుతోంది. పాలక్కాడు కనుమ నుంచి గాలి వచ్చి నాలుగు చినుకులు పడితే చాలు, తడి మట్టి వాసన కోసం గడపలో నిలబడి కళ్లు మూసుకుంటుంది. అమ్మ చిన్నపిల్ల అయిపోతోంది. చూడ్డానికి ముద్దుగా ఉంది.

జూన్ 14, శనివారం

కల. పెద్ద ఆవరణ. రెండు ఇళ్లు, రెండు తలుపులు. మబ్బులాంటి మనుషులు చేతుల్లో చీటీలు పట్టుకుని వస్తున్నారు. నేను నడుమ నిలబడి, మీరిటు, మీరటు అంటున్నాను. ఎవరికీ కాళ్లు లేవు. అందరూ నేలకు జానెడు ఎత్తులో జారుతూ వస్తున్నారు. చిన్నప్పుడు మా లైను ఇళ్ల వెనక స్పిన్నింగ్ మిల్లు మోత ఉండేది. కలలో ఆ మోత వినిపిస్తూనే ఉంది, ఎవరూ విననట్టు, అందరూ దాని మీదే తేలుతున్నట్టు. మెలకువ వచ్చాక కూడా కాసేపు చెయ్యి ఇటూ అటూ చూపిస్తూనే ఉన్నానట. అమ్మ నవ్వింది.

జూన్ 19

మలర్ అక్క పూర్తి పేరు జెబమలర్. ఆమెది మదురై, ఇంట్లో తెలుగే, ఆదివారం చర్చిలో తమిళం. ఆఫీసులో మిగతావాళ్ల ముందు మేమిద్దరం తమిళమే మాట్లాడతాం. కాఫీ మిషను దగ్గరికి వచ్చాక మాట మారుతుంది.

"మీ కోయంబత్తూరోళ్ల తెలుగు మిల్లు కూత మాదిరి సాగుతాదే ఇందూ. ముగిసేలోపల నా కాఫీ ఆరిపోతాది."

"మీ మదురై తెలుగు మల్లెపూల బేరం అక్కా. మూర అంటారు, జానెడు కోస్తారు."

ఆమె నవ్వుతూనే నా ప్రోగ్రామ్ చూసింది. నా బ్యాలెన్సర్ ఐదు సెకన్లకొకసారి రెండు సర్వర్లనూ పలకరిస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే ఆ సర్వర్‌ను వరుసలోంచి తీసేసి, దాని కనెక్షన్లన్నీ రెండోదానికి ఇస్తుంది.

"ఏమడుగుతావు దాన్ని?"

"ఉండావా అని."

"ఉండానంటే?"

"ఉండేట్టే గదా అక్కా."

అక్క నా ముఖం వైపు చూసింది. ఏదో అనబోయింది. ఫోన్ మోగింది.

జూన్ 25, బుధవారం

ఈ రోజు ఆస్పత్రిలో పరీక్ష చేశాం. అక్కడి కంప్యూటర్లు చూసుకునే మణిమారన్ నా కంటే నాలుగేళ్లు పెద్ద, నన్ను మేడమ్ అంటాడు. అమ్మ అతనికి తెలుసు, మునియమ్మక్క అంటాడు. సర్వర్ గది చల్లగా, నీలంగా ఉంది. మోత వినగానే నాకు కల గుర్తొచ్చింది.

"లాగేదా మేడమ్?"

"లాగండి."

మొదటి సర్వర్ వైరు పీకేశాడు. నేను సెకన్లు లెక్కపెట్టాను. పదహారో సెకనుకు కనెక్షన్లన్నీ రెండోదాని మీదికి చేరాయి, ఒక కొమ్మ మీది పిచ్చుకలు ఇంకో కొమ్మ మీదికి లేచి వాలినట్టు. పైన అంతస్తుల్లో ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎవరికీ తెలియకపోవడమే నా పని బాగా చేసినట్టు. ఇంత నిశ్శబ్దమైన సంతోషం నాకు ఇంతకుముందు లేదు.

అమ్మకు చెప్పాలని నాలుగో అంతస్తుకి పరిగెత్తాను. తూర్పు వసారాలో నేల తడుస్తోంది. తుడుస్తున్నది పొన్నత్త. కుచ్చెళ్లు పైకి దోపుకుని, తల వంచుకుని, ఆ చివర నుంచి ఈ చివరికి వస్తోంది.

"అత్తా, అమ్మ యాడ?"

ఉలిక్కిపడింది. "గుడ్డల గదిలో. దుప్పట్లు మడత పెడతా ఉంది. ఈ పొద్దు అదలుబదలు చేసుకుంటిమి. నువ్వు తడి మీద తొక్కొద్దు, పో, అంచున పో."

గుడ్డల గది కిటికీలోంచి నీలగిరి కొండలు కనిపిస్తాయి. అమ్మ పుట్టిన కారమడై ఆ వైపే. దుప్పట్ల మూట మీద కూర్చుని కొండ వైపు చూస్తోంది. ఒడిలో నాలుగు బియ్యపు గింజలు. చుట్టూ అన్నీ తెల్ల దుప్పట్లే, ఆ వెలుగు ముఖం మీద పడి పెదాలు కూడా తెల్లగా కనిపించాయి. వెలుగే.

"ముగిసిందా నీ పరీక్ష?"

"ముగిసిందమ్మా. ఒకటి పోయినా ఇంకోటి మోస్తాది. ఎవరికీ తెలియదు."

"అట్లనే ఉండాల" అంది అమ్మ.

జూన్ 26

బాగుండావా అని అడిగాను. బాగుండా అంది.

జూలై 2

ఈ ఏడాది మొదటి నుంచీ, బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో అమ్మ మూడు చోట్ల కూర్చుంటోంది. పిండిమిల్లు మెట్టు, పూలమ్మే చోటు, మారియమ్మ గుడి అరుగు. "సుమ్మా, ఊరికే కూర్చో పాపా, యాడికి తొందర" అంటుంది. ఇన్నేళ్లు పరిగెత్తిన మనిషి ఇప్పుడు ఆగి చూడటం నేర్చుకుంది. నేనూ పక్కన కూర్చుంటున్నాను. ఆ గాలి, కరెంటు తీగల మీద చిలకలు, దీపం వెలిగించకముందు గుళ్లో ఉండే చీకటి. మేమిద్దరం ఇలా ఎప్పుడు కూర్చున్నాం? ఈ ఏడాది బాగుంది.

జూలై 8, మంగళవారం

ఈ రోజు నుంచి అన్ని అంతస్తులూ నా వాకిట్లోంచే వెళుతున్నాయి. నా తెరమీద రెండు పచ్చ చుక్కలు. మొదటి సర్వర్, రెండో సర్వర్. ఊరికే వాటినే చూస్తూ కూర్చున్నాను.

జూలై 10

రెండూ పచ్చగా ఉన్నాయి.

జూలై 11

రెండూ పచ్చగా ఉన్నాయి. అమ్మ పొన్నత్త నడుముకి నూనె రాస్తోంది. ఎందుకు నొప్పి అత్తా అంటే ఇద్దరూ ఒకేసారి "సుమ్మా" అన్నారు.

జూలై 15, మంగళవారం

పది నలభైకి మణిమారన్ ఫోన్. "మేడమ్, సగం చోట్ల రిపోర్టు రావడం లేదు. చక్రం తిరుగుతానే ఉంది."

తెర చూశాను. రెండూ పచ్చ. "మా వైపు రెండూ బాగున్నాయి సార్. మీ నెట్‌వర్క్ చూడండి" అన్నాను. ఐదు నిమిషాలకు మళ్లీ చేశాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి నా గొంతులో కాస్త కోపం కూడా ఉంది. "సార్, పచ్చగా ఉంది." ఈ వాక్యం ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు మరిచిపోకుండా.

నాలుగోసారి అతను "మేడమ్, నువ్వొచ్చి చూడు" అన్నాడు. మర్యాద మరిచిపోయాడు. ఆటోలో వెళ్లాను.

మొదటి సర్వర్ డిస్క్ నిండిపోయింది. ఒక్క ఫలితం కూడా వెతికి తేలేదు. కానీ నా బ్యాలెన్సర్ ఉండావా అని అడిగినప్పుడల్లా ఉండాననే చెబుతోంది. ఆ జవాబు చెప్పడానికి డిస్క్ అక్కర్లేదు, ఏదీ అక్కర్లేదు. అందుకని నేను తట్టినవాళ్లలో సగం మందిని దాని దగ్గరికే పంపుతూ ఉన్నాను. వాళ్లు అక్కడ నిలబడిపోయారు.

చేత్తో దాన్ని వరుసలోంచి తీసేశాను. అప్పుడు ఇంకొకటి జరిగింది. నిలబడిపోయిన అన్ని కంప్యూటర్లూ ఒక్కసారిగా రెండోదాని మీద పడ్డాయి. నర్సులు బటన్లు మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, ప్రతి నొక్కూ ఇంకొక మనిషే. రెండోది నత్తలా అయిపోయింది.

"ఇప్పుడు ఇదీ పోతాది" అన్నాడు మణిమారన్.

వాకిలి మొత్తం మూసేశాం. ఒక్కొక్క అంతస్తునే లోపలికి వదిలాం. ముందు అత్యవసర విభాగం, తర్వాత ల్యాబ్, తర్వాత రెండు, మూడు. నాలుగో అంతస్తు చివరన. యాభై నిమిషాలు పట్టింది. నాలుగో అంతస్తు నర్సు ఆ లోపల ఐదుసార్లు మెట్లు దిగి ల్యాబ్‌కు పోయి, ఫలితాలు అరచేతిలో రాసుకుని వచ్చిందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె చెయ్యి చూశాను. చెమటకు సిరా పాకి, అంకెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

జూలై 16

మలర్ అక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కాఫీ మిషను దగ్గరికి తీసుకుపోయింది.

"ఏమడిగితివి ఇందూ దాన్ని?"

"ఉండావా అని."

"పని చేసి చూపించు అని అడగలే."

"లేదక్కా."

"తప్పు నాది గూడా. ఆ పొద్దే అడగాలనుకుంటి, ఫోన్ వచ్చె." కప్పు తిప్పుతూ నిలబడింది. "ఇంకోటి. ఒకటి పడితే రెండోది రెండింటి బరువూ మోస్తాదని కాగితంలో రాస్తివి. ఎంత మోస్తాది, ఎన్నాళ్లు మోస్తాది, కొలిస్తివా?"

కొలవలేదు. వైరు పీకిన రోజు పిచ్చుకలు వాలడం చూసి మురిసిపోయాను. కొమ్మని చూడలేదు.

బస్సులో వస్తుంటే ఏదో గుర్తుకు రాబోయింది. తడి నేల. పైకి దోపిన కుచ్చెళ్లు. నూనె వాసన. కిటికీ గాలి చల్లగా ఉంది, నిద్ర పట్టేసింది. దిగవలసిన చోటు దాటిపోయాను.

జూలై 17, గురువారం

గోడ అవతల నుంచి పిలుపు రాలేదు. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. కాసేపు చూసి అమ్మే పిలిచింది.

"ఏమే పొన్నూ, ఉండావా?"

చాలాసేపటికి, నేల దగ్గర నుంచి వచ్చినట్టు, "ఉండా."

అమ్మ వెళ్లి చూసి వచ్చింది. పొన్నత్త నడుము పట్టేసింది, పక్క మీంచి లేవలేదు. లేవలేకుండానే ఉండానంది. అమ్మ కొప్పు ముడి వేసుకుని ఒక్కతే వెళ్లిపోయింది. నేను ఆఫీసు గుర్తింపు కార్డు వెతుక్కుంటున్నాను. కళ్లతో చూశాను. గడపలో గోడ పట్టుకుని నిలబడి, మూడుసార్లు ఊపిరి తీసుకుని, అప్పుడు మెట్టు దిగింది. చూశాను, కార్డు వెతుక్కున్నాను.

తొమ్మిదిన్నరకు మణిమారన్ ఫోన్. "మేడమ్, సర్వర్ విషయం కాదు."

అమ్మ రెండు వైపులూ తుడవబోయింది. పడమర వసారా మలుపులో బకెట్‌తో సహా పడిపోయింది. అరచేతిలో అంకెలు రాసుకున్న ఆ నర్సే పరిగెత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. నేను వెళ్లేసరికి డాక్టరమ్మ అమ్మ కింది రెప్ప లాగి చూస్తోంది. లోపల ఎరుపు లేదు. కాగితంలా ఉంది.

రక్తం తీశారు. నన్ను నర్సుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా ఎదురుగా నా తెర. చక్రం తిరుగుతోంది. అది రెండో సర్వర్‌ను అడుగుతోందని నాకు తెలుసు, మొదటిదాన్ని ఇంకా వరుసలో పెట్టలేదు. మునియమ్మాళ్, యాభై ఒకటి, స్త్రీ. చక్రం ఆగింది. హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ నాలుగు. పన్నెండు ఉండాలట.

డాక్టరమ్మ తమిళంలో అడిగింది, ఈ రక్తంతో ఈమె ఇన్నాళ్లు నాలుగో అంతస్తంతా ఎలా తుడిచింది అని.

"తుడవలేదు డాక్టర్" అన్నాను. "ఇంకొకరు తుడిచారు."

నోటితో అన్నాక తెలిసింది నాకు.

ఏడాదిగా నెల నెలా రక్తం ఆగకుండా పోతోందట. ఒంట్లో రక్తం లేనివాళ్లు పచ్చి బియ్యం నములుతారట, మట్టి వాసన కోరుకుంటారట. అది జబ్బు గుర్తు. నేను ముద్దుగా ఉంది అని రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను, ఆ పేజీ ఉంది. వెలుగే అని రాసిన పేజీ కూడా ఉంది.

జూలై 18

అమ్మ చేతిలోకి రక్తం చుక్క చుక్కగా దిగుతోంది. రెండో సంచి. తాను ఎన్నో వేలసార్లు మడత పెట్టిన దుప్పటి కప్పుకుని, అంచు కుట్టు ఊడిందని గోకుతోంది.

పొన్నత్త నడుముకి పట్టీ కట్టుకుని, గోడ పట్టుకుని వచ్చింది.

"ఏమొదినా, రాణి మాదిరి పండుకోని ఉండావు."

"నీ నేల తుడిస్తినే, దానికి కూలి ఇది."

"మూల మూలకి గుడ్డ పోనియ్యలేదంట. సగం తుడిచి పడితివంట. పడేదేమో ముగించి పడకూడదా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే అమ్మకు ఆయాసం వచ్చింది. నేను నవ్వలేదు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఏం చెప్పేది. నువ్వు అడిగితివి, నేను చెప్తిని."

"బాగుండానంటివి."

"అడిగినోళ్లకి ఇంకేం చెప్తారు పాపా."

అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. చేతిలో రిజిస్టరు. "ఈమెకు ఎన్నాళ్లుగా ఇట్ల?" అని పొన్నత్తను అడిగాడు.

"నిన్ననే సార్. మొన్నటిదాకా గుర్రం మాదిరి ఉండె."

అతను నా వైపు తిరిగాడు. పొన్నత్త కూడా తిరిగింది. చూపుతోనే నా చెవి పట్టుకుంది, ఖాళీ డబ్బా దగ్గరికి లాక్కుపోతున్నట్టు. కాంట్రాక్టు పని ఇది. పని చేయలేదని తెలిస్తే పేరు కొట్టేస్తారు. ఆ ఒక్క పేరు కోసమే ఇన్ని నెలలు పొన్నత్త రెండు వైపులా తుడిచింది. నేను తలూపితే చాలు, అమ్మ పేరు ఉంటుంది. రేపు ఆ పట్టీతోనే పొన్నత్త మళ్లీ రెండు వైపులా తుడుస్తుంది.

"లేదు సార్" అన్నాను. "ఏడు నెలలుగా మా అమ్మకి చేతకావడం లేదు. అత్తే రెండూ తుడుస్తోంది. ఆమె నడుము అందుకే పోయింది. ఇద్దరికీ సెలవు కావాలి."

ఏడు నెలలు అని నాకెవరూ చెప్పలేదు. అమ్మ ఇంటి దారిలో ఆగి కూర్చోవడం మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కేసుకున్నాను. ఇద్దరిలో ఎవరూ తప్పని అనలేదు.

సూపర్‌వైజర్ రాసుకుని వెళ్లిపోయాడు. పొన్నత్త లేచింది.

"చదివించి చదివించి ఇదా నేర్చుకుంటివి. మీ అమ్మ పేరు మీద నీ నోటితోనే గీత కొడితివి గదే."

జూలై 19

పిలుపు లేదు.

జూలై 20

పిలుపు లేదు. అమ్మ ఇంటికి వచ్చింది. పెదాలకు కొంచెం రంగు. గోడ వైపు తిరిగి పడుకుంటోంది, చెవి అటు పెట్టి.

జూలై 22, మంగళవారం

పలకరింపు మార్చి రాశాను. ఇక ఉండావా అని అడగను. సర్వర్‌లో నిజంగా లేని ఒక రోగి పేరు పెట్టాను. ఐదు సెకన్లకొకసారి బ్యాలెన్సర్ వెళ్లి, ఈమె రక్తపరీక్ష ఫలితం తెచ్చి చూపించు అంటుంది. డిస్క్ నిండినా, వెతకలేకపోయినా, తేవడం ఆలస్యమైనా దొరికిపోతుంది. రెండోదానికి కూడా ఒక హద్దు పెట్టాను. అది మోయగలిగినంతే. మిగతావాళ్లు వాకిట్లో ఆగుతారు, కాసేపు ఆగండి అని తెరమీద వాళ్ల భాషలో చెబుతాం. ఆగమని చెప్పడం తప్పేమీ కాదు.

మలర్ అక్క చదువుతూ ఒక చోట ఆగింది.

"ఎవరీ మునియమ్మాళ్, నాలుగో అంతస్తు?"

"మా అమ్మక్కా."

"మీ అమ్మని ఐదు సెకన్లకొకసారి లేపి చూస్తావా?"

"చూస్తా."

"పాపం" అంది అక్క. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి తీసేసింది.

జూలై 25

సూపర్‌వైజర్ చెప్పి పంపాడు. తూర్పు వైపుకు రెండు నెలలు వళ్లి అని ఒకామె వస్తుంది. పొన్నత్తకు వారం సెలవు, తర్వాత పడమర మాత్రమే. అమ్మ పేరు రిజిస్టర్లో ఉంటుంది, జీతం ఉండదు. రెండు నెలల తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి చెబుతారట. ఏం చెబుతారో తెలియదు. అమ్మకు చెప్పాను. "పేరు ఉందా?" అంది. "ఇప్పటికి ఉంది" అన్నాను. నిండుకునింది అన్నట్టు చెప్పడం నాకు చేతకాలేదు.

జూలై 28, సోమవారం

ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష. ఈసారి వైరు పీకవద్దన్నాను. మొదటి సర్వర్ డిస్క్‌ను మేమే నింపాం. అది మాట్లాడుతూనే ఉంది, అడిగితే ఉండానంటూనే ఉంది. మునియమ్మాళ్ ఫలితం తెమ్మంటే మాత్రం తేలేకపోయింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. పచ్చ చుక్క ఎర్రగా మారింది. రెండోది కొంతమందిని తీసుకుంది, కొంతమందిని ఆపింది, ఒక్కొక్కరినే పిలిచింది. నీలం గదిలో ఎర్ర చుక్క, దూరంగా ఎవరో అరుగు మీద పెట్టిన దీపంలా ఉంది.

ఎర్ర చుక్కని చూసి చప్పట్లు కొట్టినదాన్ని నేనొక్కదాన్నే. మణిమారన్ నా వైపు వింతగా చూసి, తర్వాత తనూ కొట్టాడు.

ఆగస్టు 3, ఆదివారం

కల అనుకున్నాను మొదట. ఆ మబ్బు మనుషుల ఆవరణలో నిలబడి ఉన్నాను, ఎక్కడి నుంచో గొంతు వచ్చింది.

"ఏమొదినా, ఉండావా?"

కళ్లు తెరవలేదు. వీధి కొళాయిలో నీళ్లు వస్తున్న చప్పుడు. పక్కన అమ్మ ఊపిరి. జవాబు రావడం లేదు. గోడ అవతల గాజులు కదిలాయి, ఎదురుచూస్తూ. నేను ఊపిరి లెక్కపెట్టాను. ఒకటి. రెండు.

"ఉండాను గానీ పొన్నూ," అంది అమ్మ, "ఈ పొద్దు లేచేదానికి కాలే నాకు. నువ్వొచ్చి ఆ నీళ్ల బిందె లోపల పెట్టి పో."

గోడ అవతల నుంచి, "పొద్దున్నే మొదటి మాట ఇట్లనా వొదినా, నీ నోరు పాడుగాను! నా నడుము మాత్రం ఇనుముతో చేసిందా? నాకూ కాలే!"

"నీకూ కాలేదా?"

"కాలేదంటి గదా!"

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు, గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. నవ్వు ఆగాక, ముందే మాట్లాడుకున్నట్టు ఇద్దరూ ఒకేసారి పిలిచారు.

"ఇందూ, లెయ్యే!"

లేచాను. వాకిట్లో బిందె నిండి పొర్లుతోంది. నడుము మీదికి ఎత్తుకుంటే చీర సగం తడిసింది. గడప దాటేలోపల రెండుసార్లు ఆగవలసి వచ్చింది. ఇన్ని నెలలుగా ఈ బిందెను ఎవరు లోపల పెడుతున్నారో నేను ఒక్కసారీ చూడలేదు.